భుక్తాయాసపు సెలవు కోరుతూ

గౌరవనీయులైన మండల విద్యాశాఖాధికారి గారికి,
పమిడిముక్కల మండలం, కృష్ణా జిల్లా.

అయ్యా,

అర్జీదారు మీ మండలంలోనే కాపురముంటున్న గృహిణి. ఇద్దరు పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటోంది. ఆమెకు జీతం లేదు, బదిలీల బెడద లేదు, పీఆర్‌సీ అసలే లేదు. వాటి గురించి ఆమె ఏమీ అడగడం లేదు. అడిగేదల్లా మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక కునుకు, దానికి మీ సంతకంతో ఒక సర్క్యులర్. ఆమె ఇంటి టైంటేబుల్ మీద మీకు అధికారం లేదని ఆమెకూ తెలుసు. అయినా మన వైపు కాగితం లేకుండా పడుకుంటే బద్ధకమంటారు, కాగితం చూపించి పడుకుంటే సెలవంటారు. అందుకే ఈ బహిరంగ లేఖ.

ముందుగా నేరం జరిగే వేళ, జరిగే తీరు మనవి చేసుకుంటోంది. ఒంటిగంటకు భోజనాలు. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, వంకాయ కూర, చివర గడ్డపెరుగు. ఆదివారమైతే చేపల పులుసు. ఒంటిగంటన్నరకు సోషల్ పీరియడ్. బయట వీరంకిలాకు రోడ్డు మీద మనిషి కనపడడు. లోపల ఉక్కపోత. ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, గాలి మాత్రం రాదు. మొన్నొక రోజు పాఠం మొగలుల చరిత్ర. 1556 జనవరిలో హుమాయూన్ ఢిల్లీలో తన గ్రంథాలయం మెట్లు దిగుతున్నాడని చెబుతుండగా అర్జీదారుకు కన్నంటుకుంది. పిల్లలు కాసేపు ఎదురుచూశారు. ఎనిమిదేళ్ల కూతురు ఉండబట్టలేక, "అమ్మా, దిగాడా? పడ్డాడా?" అని భుజం తట్టింది. చక్రవర్తి అప్పటికింకా మెట్ల మీదే ఉన్నాడు.

దయచేసి గమనించండి. నిద్రపోయింది పిల్లలు కాదు.

ఈ సంగతి లోకానికి సరిగ్గా అర్థం కావడం లేదు. ఇంటి చదువు అనగానే చుట్టాలందరూ పిల్లల నిద్ర గురించే సలహాలిస్తారు. మొహం కడిగించమంటారు, నిలబెట్టి చదివించమంటారు, పప్పులో నెయ్యి తగ్గించమంటారు. ఆరేళ్లు దాటాక చాలామంది పిల్లలకు పగటి నిద్ర దానంతటదే తగ్గిపోతుంది. రోజుకు 9 నుంచి 12 గంటలు నిద్రపోవాలని 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు అమెరికన్ నిద్రవైద్యుల సంఘం 2016లో చెప్పింది. అది సరిగ్గా దక్కినవాళ్లు మధ్యాహ్నం తూనీగల్లా తిరుగుతూనే ఉంటారు. తూలేది తెల్లవారకముందే లేచి పాలు కాచి, వాకిలి ఊడ్చి, టిఫిన్ పెట్టి, ఎక్కాలు అప్పజెప్పించుకుని, వండి వార్చి, మళ్లీ పుస్తకం పట్టుకున్న టీచరు. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు. 2019లో ఈ లెక్క 299, 97. అయిదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు మిగిలాయి. అర్జీదారు కోరే ఇరవై నిమిషాల కునుకులో సగం సమకూరినట్టే.

ఇక నిద్ర ఎందుకొస్తుందన్న విషయం. తిన్నాక రక్తమంతా పొట్టలోకి పోయి మెదడుకు తక్కువవుతుందని మన ఇళ్లలో పెద్దలు చెబుతారు. ఆ మాట నిలవదు. పొట్టకు రక్తం ఎక్కువగా వెళ్లినా మెదడు తన వాటా తగ్గకుండా చూసుకుంటుంది. అసలు మధ్యాహ్నం ఏమీ తినకపోయినా ఆ వేళకు మత్తు కమ్ముతుంది. జ్యూరిక్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో దీనికి దారి చూపించాడు. మెలకువగా ఉన్న ప్రతి గంటా మెదడులో నిద్ర బాకీ పెరుగుతూ పోతుంది, అడినోసిన్ అనే పదార్థం అలా పేరుకుంటూ ఉంటుంది. ఇంకోపక్క ఒంట్లోని గడియారం మనల్ని మెలకువగా నిలబెట్టే బలాన్ని సాయంత్రం దాకా పెంచుతూ వస్తుంది. మధ్యాహ్నానికి బాకీ చాలా పేరుకుని ఉంటుంది, గడియారం బలం ఇంకా పూర్తిగా అందదు. ఆ సందులో పడిపోతాం. రాత్రి నిద్ర తక్కువైతే ఆ సందు గొయ్యి అవుతుంది. తెల్లవారకముందే లేచేవాళ్లకు అది ఎంత లోతుంటుందో లెక్క కట్టడం కష్టం కాదు.

భోజనం నిర్దోషి అని కాదు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో 2007లో మల్లెపూల బియ్యంతో, అదే జాస్మిన్ రైస్‌తో ఒక పరీక్ష చేశారు. పడుకోవడానికి నాలుగు గంటల ముందు త్వరగా చక్కెరగా మారే అన్నం తిన్నవాళ్లకు సగటున 9 నిమిషాల్లో నిద్ర పట్టింది. నెమ్మదిగా మారే అన్నం తిన్నవాళ్లకు 17 నిమిషాలు దాటింది. అంటే బియ్యాన్ని బట్టి కూడా ఉంటుంది. కృష్ణా డెల్టా ఇష్టంగా తినే సాంబ మసూరి, అదే బీపీటీ 5204, 1986లో బాపట్ల వ్యవసాయ కళాశాల నుంచి వచ్చింది. దాన్ని ఎండాకు తెగులును తట్టుకునేలా హైదరాబాద్ శాస్త్రవేత్తలు మెరుగుపరిచి 2008లో విడుదల చేసిన రకానికి గ్లైసీమిక్ ఇండెక్స్ 51 లోపేనని తేలింది. 55 దాటకపోతే తక్కువ కింద లెక్క. కాబట్టి కంచంలో బియ్యం మార్చి, ఒక ముద్ద తగ్గించి, కూర పెంచితే మత్తు కొంత పలచబడుతుంది. అయితే అన్నం తగ్గించమన్న మాట ఈ ఇంట్లో మొదట ఎవరు అనాలన్నది తేలలేదు.

పగటి నిద్ర సోమరితనం అనే వాదానికి జవాబు కోసం దూరం వెళ్లక్కర్లేదు, చెన్నై చాలు. 2021లో ఒక అర్థశాస్త్ర పత్రికలో గౌతం రావు తదితరులు ప్రచురించిన అధ్యయనంలో 452 మంది పేద కార్మికులకు డేటా ఎంట్రీ పనిచ్చి పరిశీలించారు. వాళ్లు రాత్రిళ్లు ఎనిమిది గంటలు పడక మీద ఉన్నా నిద్రపోతున్నది అయిదున్నర గంటలే. దిండ్లు, కళ్లకు గంతలు, చెవుల్లో పెట్టుకునేవి ఇచ్చి రాత్రి నిద్ర దాదాపు అరగంట పెంచారు. పనిలో తేడా కనపడలేదు. మధ్యాహ్నం పనిచోటే అరగంట కునుకు తీయనిచ్చినప్పుడు మాత్రం, ఊరికే విరామం తీసుకున్నవాళ్లతో పోలిస్తే పని వేగం, శ్రద్ధ, మనసు నెమ్మది అన్నీ మెరుగయ్యాయి. నిజం దాచకూడదు కనుక ఇదీ చెప్పాలి: ఆ అరగంట పడుకోకుండా పనిచేసినవాళ్లకు మొత్తం మీద సంపాదన ఎక్కువే వచ్చింది. అర్జీదారుకు ఎలాగూ కూలి లేదు గనుక ఆ నష్టం ఆమెకు వర్తించదు.

విమానం నడిపేవాళ్లకే నాసా కునుకు ఇచ్చి చూసింది. పసిఫిక్ మీదుగా దూరప్రయాణం చేసే పైలట్లకు వంతులవారీగా విశ్రాంతినిస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. చురుకుదనం 54 శాతం, పనితీరు 34 శాతం పెరిగాయని 1990ల్లో వచ్చిన ఆ నివేదిక చెప్పింది.

శాస్త్రం పరదేశీయమని ఎవరైనా అంటే చరకుడున్నాడు. పగటి నిద్ర కఫాన్ని పెంచుతుంది గనుక వద్దని చరక సంహిత అంటుంది గానీ, గ్రీష్మంలో రాత్రులు పొట్టివి గనుక పడుకోవచ్చంటుంది. ఇంకా సూత్రస్థానం 21వ అధ్యాయంలో అన్ని రుతువుల్లోనూ పగలు పడుకోదగినవాళ్ల పట్టిక ఉంది. పిల్లలు, వృద్ధులు, దారి నడిచి అలసినవాళ్లు, బరువులు మోసి అలసినవాళ్లు, వాళ్లతోపాటు అధ్యయనం వల్ల అలసినవాళ్లు. చదువుకుని అలసినవాళ్లకే ఉంటే చదువు చెప్పి అలసినవాళ్లకు ఉండదా అని అర్జీదారు వాదం. నిత్యం నెయ్యి తినేవాళ్లు పగలు పడుకోకూడదని కూడా అదే అధ్యాయంలో ఉంది. ఆ భాగం గురించి అర్జీదారు ఏమీ మాట్లాడదలచుకోలేదు.

మీ శాఖ వారు కూడా ఇప్పటికే ఒప్పుకున్నారు కదా. మార్చి సగం గడిచేసరికి ఒంటిపూట బడులు పెడతారు. పొద్దున 7.45కు గంట కొట్టి 12.30కు పిల్లల్ని ఇంటికి పంపేస్తారు. డెల్టాలో మధ్యాహ్నం చదువు సాగదని ప్రభుత్వమే ఏటా ఉత్తర్వు ఇస్తున్నట్టు లెక్క. కాకపోతే జూన్‌లో వానలు పడగానే ఆ జ్ఞానం పోయి మళ్లీ రెండు పూటలా బడి నడుస్తుంది. కాలువలకు నీళ్లొచ్చి నాట్లు మొదలయ్యాక కూడా ఇక్కడ ఉక్క తగ్గదు.

ఇంట్లో చదువు చెప్పడం కొత్త పిచ్చి అని అనుకునేవారికీ ఒక మాట. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్ల చేత బడుల లెక్క తీయించాడు. ఒక్క మద్రాసు పట్నంలోనే 26,963 మంది ఇళ్లలో చదువుతున్నట్టు లెక్క వచ్చింది. బడులకు వెళ్లేవాళ్లకు ఇది నాలుగు రెట్ల పైమాట. ఈ అంకెలో పొరపాటు ఉండొచ్చని మన్రోనే అనుమానించాడు, అది వేరే సంగతి. మన పక్క మండలంలోని కూచిపూడినే చూడండి. నాట్యం తరతరాలుగా భాగవతుల ఇళ్లలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. కలాపం రాత్రి మొదలైతే తెల్లవార్లూ సాగేది. ఆడినవాళ్లు మర్నాడు మధ్యాహ్నం నిద్రపోతే ఎవరైనా తప్పు పట్టారని అర్జీదారు ఎక్కడా వినలేదు.

అసలు చిక్కు బయటి నుంచి కాదు, టైంటేబుల్ నుంచే వచ్చిందని అర్జీదారు కాస్త ఆలస్యంగా గుర్తించింది. బడి వద్దనుకుని పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టినవాళ్లు బడి గంటను మాత్రం నెత్తిన పెట్టుకుని తెచ్చుకుంటారు. ఎనిమిది పీరియడ్లు, మధ్యలో భోజనం, భోజనం తర్వాత మళ్లీ నాలుగు. నలభై మంది పిల్లలున్న గదికి ఆ కొలత తప్పనిసరి కావచ్చు. ఇద్దరికి ఎందుకు? చట్టమూ ఆ గంట కొట్టమనడం లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య అంటుంది. ఇంటి చదువు ప్రస్తావన అందులో లేదు. ఈ ఇంటి మటుకు ఉచితమూ నిర్బంధమూ రెండూ అర్జీదారుకే వర్తిస్తున్నాయి. 14 నిండాక 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, ఎన్‌ఐఓఎస్, ద్వారా పదో తరగతి రాయొచ్చు. ఆ పరీక్ష రాయడానికి మధ్యాహ్నం పాఠాల హాజరు ఎవరూ అడగరు.

చుట్టాలు మాత్రం అడుగుతారు. హైదరాబాద్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఇంట్లోనే చదువుకుని ఎనిమిదేళ్లకే పదో తరగతి, పదిహేనేళ్లకే పీజీ పూర్తి చేసిందని ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. ఆ అమ్మాయి గొప్పది, సందేహం లేదు. ఎనిమిదేళ్ల తన కూతురికి ఇంకా గుణకారంలో చేతికి తీసుకున్న అంకె మరిచిపోయే హక్కుందని అర్జీదారు అభిప్రాయం. మావయ్యగారైతే సూటిగానే అంటారు: "ఏం అమ్మాయ్, ఇవాళ మీ బడి ఒంటిపూటేనా?"

కాబట్టి అర్జీదారు ప్రార్థన ఇది. లెక్కలు, వ్యాకరణం పొద్దున టిఫిన్ కాగానే అయిపోవాలి. ఒంటిగంటన్నర నుంచి మూడింటి దాకా పాఠం చెప్పడం, చెప్పినట్టు నటించడం రెండూ రద్దు చేయాలి. ఆ వేళ టీచరు ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుని నడుం వాల్చవచ్చు. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక ఇంకో అరగంట మొద్దుగా ఉంటుంది గనుక అంతకు మించి కోరడం లేదు. పడుకునే ముందు టీ తాగడానికీ అనుమతి కావాలి. వింతగా ఉన్నా దీనికీ ఆధారముంది: 1997లో ఇంగ్లండులోని లఫ్‌బరో పరిశోధకులు నిద్రమత్తులో ఉన్న డ్రైవర్లకు కాఫీ ఇచ్చి వెంటనే పావుగంట కునుకు తీయిస్తే, ఒక్క కాఫీ కన్నా ఎక్కువ పనిచేసింది. కాఫీ ఒంటికి పట్టేలోపు కునుకు అయిపోతుంది. ఈలోపు పిల్లలు బొమ్మలు వేసుకోవచ్చు, కథల పుస్తకం చదువుకోవచ్చు, మినప చేలో ఏ పురుగు ఏ ఆకు మీద ఉందో చూసి రాసుకోవచ్చు. మూడింటికి హుమాయూన్‌ను మెట్ల మీద నుంచి దింపే పూచీ అర్జీదారుది.

తనిఖీకి రాదలిస్తే ఎప్పుడైనా రావచ్చు, మజ్జిగ సిద్ధంగా ఉంటుంది. ఒంటిగంటన్నర తర్వాతైతే మాత్రం పాఠం అడగవద్దని మనవి.

ఇట్లు,
తమ విధేయురాలు,
అర్జీదారు.

నకలు: అర్జీదారు మావయ్యగారికి. వసారాలో నవారు మంచం మీద ఉంటారు. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా లేపకూడదు గనుక సాయంత్రం టీతో పాటు అందజేయడమవుతుంది.