ఇరవై ఒక్క రోజుల ముచ్చట

పాప పుట్టింది. శుభం. స్వీట్లు పంచారా? పంచారు. టీకాల కార్డు తీసుకున్నారా? చూద్దాం లెండి. మరి పేరు? ఆఁ, ఇప్పుడు అసలు విషయానికొచ్చారు! 'యూనిక్‌'గా ఉండాలి. క్లాసులో ఇంకొకరికి ఉండకూడదు. అపార్టుమెంటులో ఉండకూడదు. ఆ మాటకొస్తే భూమ్మీదే ఉండకూడదు. వినడానికి సంస్కృతంలా ఉండాలి, చూడ్డానికి ఇంగ్లిషులా ఉండాలి. రేపు అమెరికా వెళ్తే అక్కడివాళ్లకు నోరు తిరగాలి. మరి అమ్మమ్మకు తిరగకపోతే? అమ్మమ్మేమైనా వీసా ఇస్తుందా?

మన విశాఖలో మధురవాడ నుంచి గాజువాక దాకా ఇదే గోల. నాన్న పేరులో మొదటి అక్షరం, అమ్మ పేరులో చివరి అక్షరం, మధ్యలో ఒక 'న్వి', తోకకు ఒక 'క'. అర్థమేమిటండీ అంటే ఫోను తీసి చూపిస్తారు. 'లక్ష్మీదేవికి మరో పేరు'! అష్టోత్తరంలో నూట ఎనిమిదితో సరిపెట్టుకున్న తల్లికి, తన పేరిట ఇన్ని దొంగ ఖాతాలు తెరిచారని తెలుసా?

ఫోను అయ్యాక సిద్ధాంతిగారు. విశాఖ నక్షత్రమైతే తి, తు, తె, తొ. పరవాలేదు, బతికిపోయారు. ఆరుద్ర మూడో పాదమైతే 'ఙ'. హస్త మూడో పాదమైతే 'ణ'. 'ణ'తో మొదలయ్యే ఆడపిల్ల పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం! సిద్ధాంతి అయ్యాక న్యూమరాలజిస్టు. ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక 'ఏ' ఎక్కువ, ఒక 'హెచ్' ఎక్కువ. అక్షరానికింత. షాపు బోర్డు రాసే పెయింటరూ అక్షరానికింతే తీసుకుంటాడు, కాని ఆయన రంగు తన డబ్బుతో కొంటాడు.

ఇక బారసాల. బీచ్ రోడ్డు పక్కన ఏసీ హాలు, పూల ఉయ్యాల, నెత్తిమీద తిరిగే డ్రోను. పళ్లెంలో బియ్యం పోశారు. మేనత్త బంగారు ఉంగరం పట్టుకుని కూర్చుంది. "స్పెల్లింగు చెప్పరా అన్నయ్యా" అంది. "తెలుగులో రాయమ్మా" అన్నారు పురోహితులు. తెలుగులోనా? తండ్రి కంగారుగా ఫోను తడుముకున్నాడు. వత్తు కింద వత్తు. మేనత్త రాస్తుంటే గింజలు జారి పూడిపోతున్నాయి, మళ్లీ రాస్తోంది, మళ్లీ పూడిపోతోంది. ముందు వరస కుర్చీలో ముత్తవ్వ కాసేపు చూసి ఉండబట్టలేక అడిగేసింది. "ఏటిరా నాయినా ఆ పేరు? పిలిస్తే పిల్ల పలకాలా, నా పళ్లూడాలా?" అందరూ నవ్వారు. వెనక గోడ మీద ఎల్‌ఈడీ బోర్డులో కొత్తగా కొన్న 'హెచ్' మాత్రం దేదీప్యమానంగా వెలుగుతోంది.

ముత్తవ్వ పేరు అప్పలనర్సమ్మ. ఒకప్పుడు ఈ ఊళ్లో ఏ వీధిలో నిలబడి ఆ పేరు కేకేసినా నాలుగు తలుపులు తెరుచుకునేవి. అప్పలకొండ, సింహాచలం, పైడితల్లి, నూకాలమ్మ, కనకమహాలక్ష్మి. సింహాచలం కొండ, విజయనగరం, అనకాపల్లి, బురుజుపేట అన్నీ జనాభా లెక్కల్లోనే ఉండేవి. ఇప్పుడు? సింహాచలం అప్పన్న దగ్గరికి పుట్టువెంట్రుకలు తీయించడానికి వెళ్తాం. మొక్కులు తీరుస్తాం. వీఐపీ పాసు కోసం తెలిసినవాడి కాళ్లూ తెలియనివాడి కాళ్లూ పట్టుకుంటాం. పేరు మాత్రం... ఛ, మరీ మోటు! దేవుడికి జుట్టు ఇస్తాం గాని ఆయన పేరు పుచ్చుకోం. ఆ పేరు ఇంకెక్కడ మిగిలిందో తెలుసా? అదే హాల్లో ఎంగిలి ప్లేట్లు తీసే ఆవిడ దగ్గర. ఆవిడను ఆ రోజు ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో, ఇటు కూడా" అన్నారంతే.

పేర్ల విషయంలో ఇంగితం ఎక్కడైనా మిగిలుందంటే అది తుపానులకు పేర్లు పెట్టేవాళ్ల దగ్గరే. పదమూడు దేశాలు కూర్చుని, తలా పదమూడు చొప్పున, 2020లో 169 పేర్ల జాబితా ఇచ్చాయి. ఇంగ్లిషులో ఎనిమిది అక్షరాలు దాటకూడదు. తేలిగ్గా పలకాలి. ఎవరినీ నొప్పించకూడదు. ఒకసారి వాడింది మళ్లీ వాడరు. అంటే అసలైన యూనిక్! ఒమన్ పెట్టిన పిట్ట పేరుతో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి మన ఊరిమీద పడితే, తెల్లారేసరికి అప్పలనర్సమ్మకు సైతం ఆ పేరు నోరు తిరిగింది. కొంపలు కూల్చే గాలికి తీసుకున్నపాటి శ్రద్ధ ఉయ్యాల్లో పిల్లకు అక్కర్లేదా?

సరే, కన్నవాళ్ల సరదా. వదిలేద్దాం. (వదలబుద్ధి కావడం లేదు గాని.) ఇంతకంటే పెద్ద బారసాలలు చేసేవాళ్లున్నారు. సర్కారువారు.

వారికి ఆడపిల్ల మీద ప్రేమ పొంగినప్పుడల్లా ఒక పేరు పుడుతుంది. 2013లో 'బంగారుతల్లి' పుట్టింది. పుట్టినప్పటి నుంచి డిగ్రీ దాకా విడతలవారీగా 2.16 లక్షల రూపాయలన్నారు. ఉత్త పథకమైతే నమ్మరేమోనని చట్టమే చేశారు. మరుసటి ఏడాది రాష్ట్రం విడిపోయింది, గద్దె మారింది. బంగారుతల్లి కాస్తా 'మా ఇంటి మహాలక్ష్మి' అయింది. పేరు మారింది, డబ్బు ఆగింది. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూళ్లలో ఉన్నారు. మహాలక్ష్మి ఎవరింట్లో ఉందో ఎవరైనా చెప్పగలరా?

ఉక్కు కర్మాగారానికి రండి. అక్కడ బ్లాస్ట్ ఫర్నేసులకూ ఆడపేర్లే. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఎంత ముచ్చటైన పేర్లు! సొంత ఇనుప గని ఒక్కటీ ఇవ్వకుండా అన్నపూర్ణ అని పేరు పెట్టడానికి గుండె కావాలి. సరుకు చాలక ఆ తల్లి పొయ్యి నెలల తరబడి ఆరింది. అదీ ఒకసారి కాదు. 2021 జనవరిలో కేంద్రం మొత్తం కర్మాగారాన్నే నూటికి నూరుపాళ్లూ అమ్మేస్తానంది. 2025 జనవరిలో మనసు కరిగి 11,440 కోట్లు ప్రకటించింది. అమ్ముతామన్న మాట మాత్రం వెనక్కి తీసుకున్నారా? ఇక ఇళ్లలోని అన్నపూర్ణల సంగతి. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల యువతుల్లో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిపోయిందనీ అదే సర్వే చెప్పింది. శుభలేఖలో ఆ అరుదైన పేరు బంగారు అక్షరాలతోనే అచ్చయి ఉంటుంది లెండి. తర్వాత మెట్టినింట్లో 'ఏమే'తో సరి.

ఇప్పుడు ఇరవై ఒకటి అనే అంకె చూడండి. మన బారసాల ఇరవై ఒకటో రోజు. 1969 నాటి చట్టం ప్రకారం పుట్టుక నమోదుకు గడువు ఇరవై ఒక్క రోజులు. పేరు తోచకపోతే ఏడాదిలోగా ఉచితంగా చేర్చుకోవచ్చు, రుసుము కడితే పదిహేనేళ్ల దాకా ఆగుతారు. ఈ దేశంలో ఓపిక ఉన్న చట్టం అదొక్కటే! అయితే 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడికీ ఓటుకీ పాస్‌పోర్టుకీ పుట్టిన తేదీకి ఆ నమోదు కాగితం ఒక్కటే ఆధారమన్నారు. కాబట్టి మీరు కొన్న 'హెచ్' జాగ్రత్త. ఆస్పత్రి చీటీలో ఒక స్పెల్లింగు, సర్టిఫికెట్లో ఒకటి, ఆధార్‌లో మరొకటి. ఒకే పిల్లకు మూడు యూనిక్ పేర్లు, తండ్రికి ముప్పై ప్రదక్షిణలు.

మూడో ఇరవై ఒకటి శాసనసభలో పుట్టింది. 2019 డిసెంబరులో 'దిశ' బిల్లు. అత్యాచార కేసుల్లో ఇరవై ఒక్క పనిదినాల్లో తీర్పు! బల్లలు చరిచారు. బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు. అయితేనేం? దిశ పోలీస్ స్టేషన్లు వచ్చాయి. దిశ యాప్ వచ్చింది. దిశ వాహనాలు వచ్చాయి. బిడ్డ పుట్టలేదు గాని బారసాల మాత్రం ఘనంగా జరిగింది, భోజనాలతో సహా. ఆ ప్రభుత్వం దిగాక 2025 మహిళా దినోత్సవానికి 'శక్తి' యాప్ వచ్చింది. ఒకరు పెట్టిన పేరును మరొకరు పలికితే నోరు పడిపోతుందా?

అసలు ఆ 'దిశ' ఎవరు? నిర్భయ ఎవరు? అభయ ఎవరు? అత్యాచార బాధితురాలి సొంత పేరు బయటపెట్టకూడదని చట్టం చెబుతుంది. సబబే. కాని పేరు వెతకడంలో మనవాళ్ల చురుకు చూశారా? 2012లో, 2019లో, 2024లో ఘోరం జరిగిన కొద్ది రోజులకే అర్థవంతమైన, అందమైన, అరుదైన పేరు సిద్ధం. ఆ చురుకు వీధి దీపం వెయ్యడంలో ఉందా? ఫిర్యాదు రాసుకోవడంలో ఉందా? నిధికీ నిర్భయే, చట్టానికీ నిర్భయే. భయం లేనిది ఎవరికయ్యా, నేరం చేసినవాడికా?

అలా పేరు దొరకనివాళ్లూ ఉన్నారు. అప్పటి మన విశాఖ జిల్లాలోనే, జి.మాడుగుల మండలం వాకపల్లిలో. 2007 ఆగస్టు 20న కూంబింగుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. ఇరవై ఒక్క రోజులు కాదు, దాదాపు పదహారేళ్లు తిరిగారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు పదమూడు మంది పోలీసులనూ నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సవ్యంగా జరగలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. దర్యాప్తును అంత అందంగా చేసిన అధికారుల పేర్లు మీకెవరికైనా గుర్తున్నాయా? ఆ పదకొండు మంది పేరిట నిధి లేదు, యాప్ లేదు, వ్యాను లేదు. అంత దూరం ఘాట్ రోడ్డెక్కి బారసాల చేసే పురోహితుడు ఏ పార్టీలోనూ దొరకలేదు కాబోలు.