పదేళ్ళకు కొండెక్కాను

నేనున్న రోజుల్లో ఢిల్లీలో డీజిల్ బండికి పదేళ్ళే ఆయుష్షు. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పిన మాటను 2018లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. దాంతో మావాళ్ళు కొందరు తుక్కు కిందకు పోయారు. కొందరు ఎన్ఓసీ పుచ్చుకుని, ఆ నియమం లేని రాష్ట్రాలకు తరలిపోయారు. నేను రెండో రకం. నాసిక్‌లో పుట్టిన స్కార్పియోని. 2.2 లీటర్ల ఇంజను, 120 గుర్రాల బలం, కావాలనుకుంటే నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు. 2012లో నన్ను కొన్నది కేంద్ర ప్రభుత్వంలో కొలువు చేసే ఒంగోలు వైపు ఆయన. నాకు తెలుగు అబ్బింది ఆ ఇంట్లోనే. ఆ ఫోర్ బై ఫోర్ మీట తిప్పింది మాత్రం, ఇంటికొచ్చిన చుట్టాలకు చూపించడానికే.

2022లో కేలాంగ్ మనిషి ఒకతను నన్ను కొనుక్కుని కొండెక్కించాడు. హిమాచల్‌లోని లాహౌల్-స్పితి జిల్లాకు కేలాంగ్ కేంద్రం. పదివేల అడుగుల ఎత్తు. ఇదివరకు రోహ్‌తాంగ్ కనుమను మంచు కప్పేసిందంటే, మళ్ళీ ఎండాకాలం దాకా ఆ లోయకు రోడ్డన్నది లేనట్టే. ఒంట్లో బాగోకపోతే హెలికాప్టర్ కోసం ఎదురుచూడాలి. 2020 అక్టోబరులో తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాకే చలికాలంలోనూ బళ్ళకు పని దొరికింది. మా ఉస్తాద్ నన్ను కొన్నదీ ఆ ధైర్యంతోనే.

మాది పెట్రోలు బండి స్వభావం కాదు. మాకు నిప్పురవ్వ వేసే ప్లగ్గులుండవు. సిలిండర్లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. రాత్రంతా సున్నాకు పదిహేను డిగ్రీల కింద నానిన ఇనుము ఆ వేడిని ఎక్కడికక్కడ మింగేస్తుంది. అందుకే గ్లో ప్లగ్గులు. తాళం తిప్పగానే స్ప్రింగు చుట్టలాంటి బొమ్మ పసుపుపచ్చగా వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగాలి. ఢిల్లీలో దాన్ని పట్టించుకున్నవాడు లేడు. అక్కడ ఆగకపోయినా నడిచిపోయేది. ఇక్కడ ఉస్తాద్ ఒకటికి రెండుసార్లు తాళం తిప్పి, రెండుసార్లూ దీపం ఆరనిచ్చి, అప్పుడు స్టార్టర్ తిప్పుతాడు. నేను నాలుగు దగ్గులు దగ్గి, సరిగా కాలని డీజిల్‌ని తెల్లటి పొగగా వదిలి, ఒళ్ళంతా వణుకుతూ లేస్తాను.

లేచినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. మొదటి శీతాకాలంలో ఒకసారి మైదానంలోనే టాంకు నిండా పోయించుకుని పైకొచ్చాం. ఆ రాత్రి చలి ఒక్కసారిగా దిగింది. తెల్లారి బాగానే లేచాను, బజారు కూడా దాటాను. అక్కడ గొంతు పూడిపోయినట్టు ఊపిరాడక ఆగిపోయాను. బ్యాటరీ బాగానే ఉంది, ఇంజనూ బాగానే ఉంది. లోపం తాగిన దాంట్లో ఉంది. డీజిల్లో సహజంగానే కొంత మైనం కరిగి ఉంటుంది. చలికి అది పుష్యమాసంలో సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు పేరుకుంటుంది. గొట్టాల్లో మిగిలిన పాత డీజిల్ ఉన్నంతసేపూ నడిచాను. టాంకులోది వచ్చేసరికి మైనం ఫిల్టరు దగ్గర అడ్డం పడింది. ఉస్తాద్ ఫిల్టరు విప్పి గిన్నెలోకి వంచాడు. ధార కారలేదు. మసకబారి, ముద్దముద్దగా జారింది. అతను దాన్ని వేలికి రాసుకుని చూసి, ఎవర్నీ తిట్టకుండా, వేడినీళ్ళ కోసం ఇంటికి నడిచాడు.

పాతకాలపు లారీలవాళ్ళు దీనికి రెండు మందులు వాడేవాళ్ళు. ఒకటి, ఇంజను కింద కుంపటి పెట్టడం. రెండోది, డీజిల్లో కిరసనాయిలు కలపడం. మొదటిది ఇప్పటికీ అక్కడక్కడా చూస్తాను, చూసినప్పుడల్లా నా గుండె ఝల్లుమంటుంది. రెండోది ఆ పాత పంపులకు సరిపోయిందేమో కానీ, నాలాంటి కామన్ రైల్ ఇంజన్లకు విషం. నా పంపు వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో డీజిల్‌ని తోస్తుంది, దానికి నూనె జిడ్డు కూడా డీజిలే ఇవ్వాలి. కిరసనాయిల్లో ఆ జిడ్డు లేదు. అసలు మందు 2019 నవంబరులో వచ్చింది. పానిపట్ రిఫైనరీ నుంచి ఇండియన్ ఆయిల్ సున్నాకు 33 డిగ్రీల కింద కూడా పారే శీతాకాలపు డీజిల్‌ని లదాఖ్, కార్గిల్, కాజా, కేలాంగ్ లాంటి చోట్ల కోసం విడుదల చేసింది. ఇప్పుడు మా ఉస్తాద్ చలికాలంలో మైదానానికి దిగితే, తిరిగి రావడానికి సరిపడా మాత్రమే అక్కడ పోయిస్తాడు. టాంకు నింపేది పైకొచ్చాకే. ఖాళీ టాంకు ఉంచడు. ఖాళీ ఉంటే గోడలకు చెమ్మ పట్టి నీరవుతుంది, ఆ నీరూ గడ్డకడుతుంది.

మిగతా జాగ్రత్తలు వంటింటి పనుల్లా రోజూ జరిగిపోతాయి. రేడియేటర్లో సగం నీళ్ళు, సగం కూలెంట్. ఉత్త నీళ్ళయితే గడ్డకట్టి ఉబ్బి ఇంజను దిమ్మనే పగలగొడతాయి. రాత్రి వైపర్లు పైకెత్తడం. హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో ఉంచి చక్రం కింద రాయి పెట్టడం, ఎందుకంటే తడిసిన బ్రేకు తెల్లారేసరికి పట్టేసుకుంటుంది. అద్దం మీద మంచు పేరుకుంటే గీకాలే తప్ప వేడినీళ్ళు పోయకూడదు. కొత్తతరం బళ్ళలో కొన్నింటికి పొగ శుభ్రం చేసే యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా ఉంటుందట. అది మైనస్ పదకొండుకే గడ్డకడుతుంది, దాన్ని కరిగించే హీటరు వేరే. నాకా బాధ లేదు. ముసలితనానికి ఆ మాత్రం సుఖం ఉండాలి కదా!

ఇక నడక. సొరంగానికి మనాలీ వైపు ఎండ కాస్తుంటే, అవతలి నోట్లోంచి బయటపడేసరికి లోయంతా తెలుపు. మెత్తటి కొత్త మంచు నాకు భయం లేదు, టైరు అందులో పళ్ళు దిగేస్తుంది. భయమల్లా మధ్యాహ్నం కరిగి, సాయంత్రం మళ్ళీ గడ్డకట్టిన పొర. అది తారు రంగులోనే ఉంటుంది, కంటికి ఆనదు. వంతెనల మీద ముందు పేరుకుంటుంది, కింద నుంచీ పై నుంచీ గాలి తగులుతుంది కనుక.

ఒక జనవరి సాయంత్రం సిస్సూ దగ్గర వాలులో, అద్దెకు తీసుకున్న మెరిసే ఎస్‌యూవీ ఒకటి అడ్డంగా తిరిగి మంచుగోడకు ఆనుకుని ఉంది. అందులోంచి వచ్చిన మాటలకు నా సైలెన్సర్ పులకరించింది.

“బావా, ఫోర్ బై ఫోర్ వేశావా?”

“వేశానయ్యా, లైటు కనబడట్లా? బ్రేకు తొక్కుతుంటే ఆగట్లేదు!”

ఆగదు మరి. నాలుగు చక్రాలకూ బలం అందడమన్నది కదలడానికి. ఆగడానికి అన్ని బళ్ళకూ ఉన్నవి అవే నాలుగు బ్రేకులు, అదే నాలుగు టైర్లు. బలమున్నకొద్దీ ఎక్కడం తేలికై, నడిపేవాడికి దిగడం కూడా తేలికే అనిపిస్తుంది. ఢిల్లీలో చుట్టాలకు నా మీట చూపించినప్పుడు ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఉస్తాద్ దిగి, ముందుగా వాళ్ళ బండి వెనక్కి వెళ్ళి పొగగొట్టం చుట్టూ మంచు పారతో తీశాడు. లోపల అమ్మ, పిల్లలు హీటరు వేసుకుని కూర్చున్నారు. గొట్టం మూసుకుపోతే ఆ పొగ లోపలికే వస్తుంది, అందులోని విషవాయువుకు వాసన కూడా ఉండదు. తర్వాత వాళ్ళ వెనక చక్రాలకు తన దగ్గరున్న గొలుసులు తొడిగాడు. తక్కువ వేగపు ‘ఫోర్ లో’ వేయించి, మొదటి గేరులో, బ్రేకు మీద కాలు లేకుండా, ఇంజను పట్టుతోనే దిగమని హిందీలో చెప్పాడు. బావగారు తలూపి మళ్ళీ బ్రేకు మీదే కాలు పెట్టాడు. ఉస్తాద్ ఆయన్ని పక్క సీట్లోకి జరగమని, తనే ఎక్కి, మనిషి నడిచే వేగంతో దించాడు. ఆ సేపు నేను పైనే, గేరులో, చక్రం కింద రాయితో.

తర్వాత ఉస్తాద్ పైకొచ్చి నన్నూ దించాడు. కింద గొలుసులు విప్పుతుంటే ఆ బామ్మర్ది నన్ను చూసి, “మీ బండి ఏ సంవత్సరం మోడల్ అన్నా?” అని వచ్చీరాని హిందీలో అడిగాడు. 2012 అని చెబితే, మా ఊళ్ళో అయితే ఈపాటికి అమ్మేసేవాళ్ళం అన్నాడు. ఉస్తాద్ నవ్వి, నన్ను కూడా ఎవరో అమ్మేస్తేనే తను కొన్నానన్నాడు.

2027తో నాకు పదిహేనేళ్ళు నిండుతాయి. రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్ళాలి. లైట్లు, పొగ, బ్రేకులు చూస్తారు. అక్కడ నాకు బెంగ లేదు. నా నాలుగు గ్లో ప్లగ్గుల్లో మూడు ఉస్తాద్ మార్చాడు, నాలుగోది ఈమధ్య ఆలస్యంగా వేడెక్కుతోంది. చలి దిగేలోపు దాన్నీ మార్చమని రోజూ తెల్లపొగ కొంచెం ఎక్కువ వదులుతున్నాను. నిన్న బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు కానీ, చేతిలో పానా లేదు.