లభ్యము కానందున : టీకాతాత్పర్యసహితము

అవతారిక

కాళిదాస భారవి మాఘుల కావ్యములకు సంజీవనియు ఘంటాపథమును సర్వంకషయు వ్రాసిన కోలాచలము మల్లినాథసూరి పుట్టిన తెలుగుదేశమున, అనుదినము పోస్టులో ఊరూరికిని చేరుచు, చేరినచోట అర్థము కాక పొరుగింటి ప్లీడరుగారికి చూపబడుచు, వారికిని అర్థము కాక మరల ఇంటి చూరున దోపబడుచున్న ఒకానొక గద్యమునకు నేటివరకు వ్యాఖ్యాత లభింపకుండుట శోచనీయము. ఆ కొరత తీర్చుటకు నాకు గల అర్హత ఒక్కటే. గోదావరి డెల్టాలో కొంతకాలము సర్కారు వకీలుగా నుండి, సమాచార హక్కు చట్టము క్రింద వచ్చిన అర్జీలకు ఏమి బదులు వ్రాయవలెనో తోచని అధికారులు చంకన పెట్టుకొని వచ్చిన ఫైళ్లపై అభిప్రాయములు వ్రాసి వ్రాసి, ఈ గద్యమును చదివినన్ని మారులు నేను మేఘసందేశమును చదివియుండలేదు.

మూలము

తాము కోరిన సమాచారము ఈ కార్యాలయమునందు లభ్యము కానందున, ఇందుమూలముగా తెలియజేయడమైనది.

కర్తృకాలాదులు

కర్త ఎవ్వరో నిర్ణయింప శక్యము కాదు. క్రింద సంతకము గలదు గాని అది అక్షరమో ఆలేఖ్యమో తెలియదు. ముద్ర గలదు గాని అందు సగము కాగితము అంచు దాటి బల్లమీద పడినది. కాలమును మాత్రము నిశ్చయింపవచ్చును. చట్టము సంపూర్ణముగా అమలులోనికి వచ్చినది 2005 అక్టోబరు 12వ తేదీన, ఆనాడు విజయదశమి. జమ్మిచెట్టుమీది ఆయుధములు దింపు దినమున ప్రజలచేతికి ఈ అస్త్రమును ఇచ్చినవారు పంచాంగము చూచి ఇచ్చిరో లేదో గాని, మన గద్యము పుట్టినది ఆ పిమ్మటనే. అంతకుమున్ను ఇట్టి జవాబు అవసరమే లేదు. జవాబే లేదు గనుక.

ప్రతిపదార్థము

తాము = గౌరవార్థకమగు బహువచనము. జిల్లా కార్యాలయమునుండి ఈ గౌరవము పొందుటకు పది రూపాయల రుసుము చెల్లింపవలెను. మండల స్థాయిలో ఐదు రూపాయలు చాలును. గ్రామస్థాయిలో రుసుము లేదు. గౌరవమును ఆ మేరకే యుండును.

కోరిన = ఎందుకు కోరినదియు చెప్పనక్కరలేక కోరిన. ఆరవ సెక్షను రెండవ ఉపసెక్షను ఇట్లే విధించినది. అధికారులకు ఈ చట్టములో మ్రింగుడుపడనిది ఏదియని నన్నడిగినచో జరిమానా అని చెప్పను, ఇదియే యని చెప్పుదును. "ఆయ్, ఆయనకెందుకండీ ప్లీడరుగారూ ఆ కాయితం?" అని ఒక పెద్దమనిషి అడిగినప్పుడు, ఆ ప్రశ్న అడుగుటకు చట్టములో తావు లేదని నేను చెప్పగా, ముప్పదియేండ్ల సర్వీసులో తాను అడిగిన ప్రశ్న అదియొక్కటే యైనట్లు ఆయన మొగము వాడిపోయినది.

సమాచారము = రికార్డులు, మెమోలు, సర్క్యులర్లు, ఉత్తరువులు, లాగుబుక్కులు, కాంట్రాక్టులు, నివేదికలు, నమూనాలు; తుదకు అభిప్రాయములును సలహాలును. ఈ చివరి రెండు పదములను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. వానితో వ్యాఖ్యాతకు ముందు పని పడనున్నది. ఇంత విశాలమగు ఈ శబ్దమునకు ఒక్క ఎల్ల గలదు. ఉన్న కాగితమును ఇమ్మనవచ్చును. అట్లేల చేసితిరని నిలదీయరాదు. మన రాష్ట్రమునుండియే సుప్రీంకోర్టుదాక పోయిన ఒక వ్యాజ్యములో, తీర్పు చెప్పిన న్యాయాధికారి తన కాగితములను ఎందుకు గణింపలేదో తెలుపుమని కక్షిదారు ఈ చట్టము క్రింద అర్జీ పెట్టగా, అది సమాచారము కాదని 2010లో ఆ న్యాయస్థానము త్రోసివేసినది. రికార్డులో లేనిదానిని కల్పించి యిచ్చు బాధ్యత అధికారికి లేదని మరుసటి యేడు ఇంకొక తీర్పులో స్థిరపడినది.

ఇచ్చట మల్లినాథుని మరల స్మరింపవలసియున్నది. మూలమున లేనిది వ్రాయననియు, అవసరము లేనిది పలుకననియు ఆ మహానుభావుడు తన టీకల తొలిపుటలోనే ప్రతిన పూనెను. పార్లమెంటు ఎన్ని సెక్షన్లలో పౌర సమాచార అధికారికి విధించినను, దాని సారము ఆ ప్రతినయే. ఉన్నది ఇమ్ము, లేనిది కల్పింపకుము, నీ వ్యాఖ్యానము నీయొద్దనే యుంచుకొనుము. వకీలునకు ఇది ప్రాణాంతకమగు విద్య. అయిదు పదముల మూలమునకు అరువది పుటల వాదము వ్రాసి ఫీజు గొను వృత్తిలో పెరిగినవాడు, పొరుగు బల్లమీది కాగితమును జిరాక్సు తీసి యిచ్చి చేతులు కట్టుకొనుమనగా ఊరకుండునా? ఇచ్చుటకు వీలులేదను వాదమునకైన నా చదువంతయు పనికివచ్చును. ఇచ్చివేయుమనుటకు రెండు రూపాయల పుటఖర్చు లెక్కకట్టగల గుమాస్తా చాలును. సర్కారు వకీళ్ల అభిప్రాయములు తరచుగా నిరాకరణవైపునకే మొగ్గుటకు కారణము దురుద్దేశము కాదు, పాండిత్యము.

ఈ కార్యాలయమునందు = ఆ కార్యాలయమునందు కాదని ధ్వని. 'ఈ' యను త్రికములోని ఏకాక్షరము ఇంత భారము మోసిన సందర్భము సాహిత్యమున అరుదు. 1859లో గోదావరి జిల్లా ఏర్పడినది. 1925లో ఏలూరు కేంద్రముగా పశ్చిమగోదావరి పుట్టగా, కాకినాడ కేంద్రముగా నున్న పాతజిల్లా తూర్పుగోదావరి యైనది. 2022 ఏప్రిలు 4వ తేదీన మరల పంపకములు జరిగి, కాకినాడ జిల్లాయు, అమలాపురము కేంద్రముగా కోనసీమయు, రాజమహేంద్రవరము కేంద్రముగా కొత్త తూర్పుగోదావరియు, భీమవరము కేంద్రముగా కొత్త పశ్చిమగోదావరియు, ఏలూరు జిల్లాయు వేరుపడినవి. అన్నదమ్ములు పొలము పంచుకొన్నపుడు పాతదస్తావేజుల పెట్టె ఎవరింట నుండవలెనను తగవు రాకమానదు. ఇక్కడను అంతే. గ్రామము కోనసీమకు పోయినది, ఫైలు కాకినాడలో ఉన్నదందురు. దానికి ఆధారమగు రిజిస్టరు మరియొకచోటికి లారీలో వెళ్లినదందురు. తన యొద్ద లేని సమాచారమునకై వచ్చిన అర్జీని, ఉన్న కార్యాలయమునకు అయిదు దినములలో తానే పంపి ఆ సంగతి అర్జీదారునకు తెలుపవలెనని చట్టము. 'ఈ' యని వ్రాసి ఊరకున్నవాడు ఆ అయిదు దినములను ఆ ఒక్క అక్షరములో దాచినవాడు.

ఇక ఏటి నడుమనుండు లంకల సంగతి చెప్పనేల? గోదావరి పాయ వశిష్ఠ ఒకయేడు ఈ ఒడ్డును కోసి ఆ ఒడ్డున మేట వేయును. నేల ఒక జిల్లాలో మునిగి వేరొక జిల్లాలో తేలును. దాని అడంగలు మాత్రము ఈదనేరదు.

లభ్యము కానందున = పొందుటకు యోగ్యము కానందున. లేదని యనలేదు, లభ్యము కాదని యన్నాడు. లేమి యనునది ఒక్కటి కాదనియు నాలుగు విధములనియు మన తార్కికులు ఏనాడో నిర్ణయించిరి. ఆ నాలుగును మన రికార్డు రూములలో దర్శనమిచ్చును.

కుండ పుట్టకమునుపు కుండ లేకుండుట ప్రాగభావము. తనిఖీ చేయుడని ఉత్తరువు వెలువడి, తనిఖీ జరుగక, ఆ తనిఖీ నివేదిక కోరబడినచో లేమి ఈ జాతిది. కుండ పగిలిన పిమ్మటి లేమి ప్రధ్వంసాభావము. డెల్టాలో ఇది బహుసంపన్నము. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కుల వరద పారినది. 1996 నవంబరులో తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలకు వ్రాల్చినది. చెదలకు సంవత్సరము పట్టింపు లేదు. ఈ మువ్వురు దేవతలకును నైవేద్యమైన కాగితములు నిజముగనే యున్నవి, కాదనను. కాని 1986 వరదలో కొట్టుకొనిపోయినదని నాకు చెప్పబడిన కాగితములలో 1991వ సంవత్సరపు తేదీ గలది ఒకటి యుండెను. విధివిహితమగు ధ్వంసము వేరు. మద్రాసు రాష్ట్రపు రోజులనుండి వచ్చిన ఆఫీసు పద్ధతిలో ముగిసిన ఫైళ్లను తత్సమ తద్భవ దేశ్యములవలె విభజించి, శాశ్వతముగా నిలుపవలసినదానికి ఆర్.డిస్. అనియు, పదియేండ్లకు తగులబెట్టదగినదానికి డి.డిస్. అనియు, అల్పాయుష్షు గలదానికి ఎల్.డిస్. అనియు నామకరణము చేయుదురు. ఇట్లు దహనమైనదానికి ఒక జాబితా యుండును. జాబితా చూపగలవాడు నిర్దోషి.

మూడవది అత్యంతాభావము: కుందేటి కొమ్మువలె ఏ కాలమునందును లేకుండుట. ఇట్లని స్పష్టముగా వ్రాసిన జవాబు నా కంటబడలేదు. అది వ్రాయుటకు చాల ధైర్యము కావలెను. నాల్గవది అన్యోన్యాభావము: కుండ వస్త్రము కాకుండుట. రైతు పట్టా ఫైలు కోరును. రిజిస్టరులో అది లీజు ఫైలుగా నెక్కియుండును. పట్టా ఫైలు లేదని సత్యముగనే జవాబు పోవును.

డెల్టా తార్కికులు దీనికి అయిదవదానిని చేర్చిరి. దానికి తిరోభావమని పేరు పెట్టుచున్నాను: ఉండియు లేకుండుట. 1984లో కరణీకములు రద్దయినప్పుడు అప్పగింత కాని ఇనుపపెట్టెలు కొన్ని అటకలమీదనే ఉండిపోయినవని పాతకాపులు నేటికిని చెప్పుకొందురు. ఎనిమిదవ సెక్షను మొదటి ఉపసెక్షనులో సమాచారము నిరాకరించుటకు పది కారణములు చెప్పబడినవి. కనబడలేదనుట అందు లేదు. అది పదునొకండవ మినహాయింపు కాదు. ఒకప్పుడున్న ఫైలు కనబడనిచో గట్టిగా వెదకించి, బాధ్యుడెవరో తేల్చవలెనని ఢిల్లీ హైకోర్టు 2013లో పలికినది.

ఇందుమూలముగా = దేనిమూలముగా? మూలమే లభ్యము కానప్పుడు ఇందుమూలము ఎక్కడిది? సరసులు దీనిని విరోధాభాసమందురు.

తెలియజేయడమైనది = కర్తృపదమును పరిహరించిన క్రియ. ఎవరు తెలియజేసిరి? ఎవరును కాదు, తెలియజేయడము తనంతట తానే అయినది, వాన కురిసినట్లు. దీనిని శైలీలోపమని తలంచు పండితులు ఇరువదవ సెక్షను చదువలేదన్నమాట. గడువు దాటిన ప్రతి దినమునకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండ, సమాచార కమిషను విధించు జరిమానా కార్యాలయపు పద్దునుండి కాక అధికారి జేబునుండి పోవును. కర్త కనబడినవెంటనే జరిమానాకు చిరునామా దొరకును.

తాత్పర్యము

వెదకలేదు.

పాఠాంతరములు

కొన్ని ప్రతులలో "సమాచారము విస్తృతముగా నున్నందున తాము స్వయముగా వచ్చి చూచుకొనగలరు" అని గలదు. ఇది మూలముకన్న సరసమైన పాఠము. రికార్డులను స్వయముగా తనిఖీ చేయు హక్కు పౌరునకు గలదు. మొదటి గంట ఉచితము, తరువాత రుసుము. వచ్చినవానికి కుర్చీ చూపి, పంకా వేసి, బీరువా తాళముచెవి గల గుమాస్తా సెలవులో నున్నాడని చెప్పుటలో ఆ ఉచితమగు గంట గడచిపోవును.

విశేషము

ఒక లంకగ్రామపు రైతు, తన తండ్రి సాగుచేసిన లంకభూమి కౌలు ఫైలు నకలు కోరెను. అరటితోటతో సహా ఆ నేలలో సగము ఏటిలో కలిసిపోయినందున మిగిలిన సగమునకైన ఆధారము కావలెనని ఆయన తపన. ఆ కారణము ఆయన చెప్పనక్కరలేదు, చెప్పెను. కార్యాలయమువారు మన గద్యమును చిత్తుప్రతిగా వ్రాసి, న్యాయసమ్మతమా యని నా యొద్దకు పంపిరి. నేను మూడు పుటల అభిప్రాయము వ్రాసితిని. అందు రెండు తీర్పులు, ఒక న్యాయము, ఒక ఉపమానము గలవు. చిత్తుప్రతి న్యాయసమ్మతమే యని తేల్చితిని. ఆ ఫైలు ఎక్కడనున్నదని ఆ మూడు పుటలలో ఒక్కచోటనైన నేను అడుగలేదు.

నెలనాళ్లకు రెండవ అర్జీ వచ్చినది. పది రూపాయల కోర్టుఫీజు స్టాంపు అంటించి, తనకు ఇవ్వవద్దని ప్రభుత్వ ప్లీడరుగారు వ్రాసిన అభిప్రాయము నకలు ఇప్పించవలెనని ఆయన కోరినాడు. సమాచారమను శబ్దమునకు అర్థము చెప్పుచు అభిప్రాయములును సలహాలునని నేను పైన వ్రాసినది పాఠకులు మరువలేదు గదా. కక్షిదారునకును వకీలునకును నడుమనుండు విశ్వాససంబంధమును అడ్డుపెట్టి, ఎనిమిదవ సెక్షనులోని ఒక ఉపవాక్యమును ఆశ్రయింపవచ్చునని మొదట తోచినది. కాని ఆ రహస్యము కక్షిదారునిదే గాని వకీలుది కాదు. ఆ కక్షిదారు ప్రభుత్వము. ఆ ప్రభుత్వమునకు యజమాని ఆ రైతు. వాదము ఈ వలయములో తిరిగి తిరిగి నా యొద్దకే వచ్చి కూర్చున్నది. నేను వ్రాసిన టీకయే మూలమైనది.

ఇచ్చివేయుదమని నిశ్చయించుకొని నా ఆఫీసు ప్రతికై చూడగా కనబడలేదు. అప్పుడు నా కలము, ఎవ్వరును చెప్పకయే, "తాము కోరిన సమాచారము ఈ కార్యాలయమునందు" అనునంతవరకు చకచక వ్రాసికొనిపోయి ఆగినది. సిగ్గుపడి లేచి, వేసవి సెలవులకు తప్ప తెరువని గోడబీరువాను తెరిపించి, దుమ్ముపట్టిన ఎర్రగుడ్డ కట్టలను ఒక్కొక్కటిగా దింపించితిని. అటెండరు తుమ్ముచు అందించుచుండెను, నేను విప్పుచుంటిని. నా అభిప్రాయపు ప్రతి ఏడవ కట్టలో దొరికినది. దానిక్రిందనున్న కట్టలో, నాకు ముందున్న ప్లీడరుగారికి పేరావారీ రిమార్కులతో పంపబడి, పని ముగిసిన వెంటనే వాపసు చేయవలసినదిగా ఎర్రసిరాతో గుర్తుపెట్టబడిన ఒక ఫైలు కలదు. అట్టమీద ఆ లంక పేరు, దానిక్రింద ఆ రైతు తండ్రి పేరు, మూలన ఆర్.డిస్.

దానిని ఒడిలో పెట్టుకొని నేను ఎంతసేపు చదువుచు కూర్చుంటినో తెలియదు. అటెండరు కొంచెము దగ్గి, గోడగడియారమువైపు చూచి అన్నాడు.

"ఆయ్, గంట దాటిపోయిందండి. మొదటి గంటే కదండీ ఉచితం."