హ్యాండిల్ లేని బేరం

పొదిలిలో ఫోర్డు మావయ్య కారు అమ్ముతున్నారు. కబురు పాతదే. 1970లో పొదిలి నెల్లూరు జిల్లాలోంచి లేచి కొత్త ఒంగోలు జిల్లాలో కూర్చున్న రోజుల్లో మొదటి బేరగాడు వచ్చాడని అత్తయ్య లెక్క. తర్వాత ఆ జిల్లా పేరూ ప్రకాశంగా మారింది. కారు మాత్రం ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

ఇలాంటివాళ్లు ఊరికొకరుంటారు. ఒకాయన పాత మిద్దె, ఇంకొకాయన మూలపడ్డ గ్రామఫోను అమ్మకానికి పెడతారు. అమ్మరు. ఆ జాతిలో మావయ్య పెద్ద తలకాయ. ఆయన సరుకు ఫోర్డు మోడల్ టి.

పొగాకు కాల్చడం మానేసిన పాత బ్యారన్‌లో, ఇటుకల మీద ఉంటుందది. టాపు చిరిగిపోయి కమ్మీలు మిగిలాయి. చక్రాలకు ఎడ్లబండికి మల్లే చెక్క ఆకులు, సగానికి చెదలు. ఇంజను పట్టేసింది. వెనక సీట్లో ఏటా ఒక కోడి పొదుగుతుంది. ఇదంతా మావయ్య భాషలో "చిన్నపాటి సర్వీసింగు".

బేరగాడు గుమ్మం దాటగానే పాఠం మొదలు. వెంట వచ్చిన కుర్రాణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి "యాక్సిలరేటర్ తొక్కబ్బాయ్" అంటారు. కింద మూడు పెడల్స్. ఎడమది గేరు, మధ్యది రివర్సు, కుడిది బ్రేకు. యాక్సిలరేటరేమో స్టీరింగు కింద చేతి మీట. కుర్రాడు కుడిదే తొక్కుతాడు. "బ్రేకు తొక్కావు!" అని మావయ్య పడే ఆనందం కారు అమ్మితే వచ్చే డబ్బులో ఉండదు. పెట్రోలు టాంకు సీటు కిందే ఉంటుందనీ, పంపు లేదు కాబట్టి పెట్రోలు తనంతట తను జారి ఇంజనుకు చేరాలనీ, అందుకే నిటారు ఎక్కుళ్లు రివర్సులో ఎక్కించేవాళ్లనీ తర్వాతి పాఠం. ఇవన్నీ నిజాలే.

చరిత్ర దగ్గరే తేడా. గుంటూరు బేరగాడికి అది వెంకటగిరి రాజాగారి దివాణంలోని కారు. పొదిలి ఆ జమీలోదే కదా, అదే సాక్ష్యం. నెల్లూరువాడికి తెల్ల కలెక్టరుది. హైదరాబాదువాడికి నిజాం బంధువులది. 1908 నుంచి 1927 దాకా ఫోర్డు కంపెనీ ఇలాంటివి కోటిన్నర చేసిందని ఎవరైనా గుర్తుచేస్తే, "మిగతావాళ్లు అమ్మేసుకున్నార్లే" అంటారు.

తయారైన ఏడాది మాత్రం ఎవరికైనా 1912. ఎందుకంటే చౌమహల్లా ప్యాలెస్‌లో మావయ్య చూసొచ్చిన పసుపురంగు రోల్స్‌రాయిస్ ఆ ఏడాదిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చి, అది రాకముందే 1911లో కన్నుమూశారు. ఆ కారు మొత్తం 356 మైళ్లే తిరిగిందంటారు. "మనది నలభై ఏళ్లలో ఒక్క మైలు తిరగలా. ఏది కొత్త బండి?" అని మావయ్య ప్రశ్న.

యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరిస్తామని 2021లో కేంద్రం రూలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు. ఆ సాయంత్రమే మావయ్య ధర రెండు లక్షలు పెరిగింది. ఆ నంబరుకు పాత ఆర్‌సీ కావాలి. అదేదని అడిగితే ఒంగోల్లో ప్లీడరు గారి దగ్గరుందంటారు. ప్లీడరు గారు పోయి ఇరవై ఏళ్లు.

"వచ్చినోళ్లకు పోసిన టీలు లెక్కేస్తే ఇంకో కారొచ్చేది" అంటుంది అత్తయ్య. అని, ఇంకో గ్లాసు నీళ్లు పోస్తుంది పాలల్లో. పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఆ గుమ్మం తొక్కేది బేరగాళ్లే.

నిరుడు ఘోరం జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చినాయన అడిగిన ధరకు సరేనన్నాడు. మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. "అడిగిందంతా ఇస్తానన్నాడంటే నేను తక్కువ చెప్పినట్టేగా" అని లోపలికొచ్చి గొణిగారు. అదృష్టం, ఆయనే అడిగాడు: రేడియేటరు కింద వేలాడాల్సిన స్టార్టింగు హ్యాండిల్ ఏదండీ?

"పోయింది" అన్నారు మావయ్య, ప్రాణం లేచొచ్చి. మోడల్ టి సామాన్లు ఇప్పటికీ కొత్తవి తయారవుతాయి, తెప్పించుకుంటానన్నాడాయన. "ఒరిజినల్ లేకుండా అమ్మితే మా నాన్న పైనుంచి ఊరుకోడు సార్." బేరం చెడింది. ఆ రాత్రి మావయ్య రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

సంక్రాంతికి ఈ వ్యాసకర్త పరుపు తీయబోయి మంచం కింద ఒక మూట లాగాడు. పాత పంచెలో హ్యాండిల్. ఆముదం పట్టించి నిగనిగలాడుతోంది.

మావయ్య గుమ్మంలో నిలబడి చూశారు. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.

"మీ నాన్న చేతక్ స్కూటరు అమ్ముతానని మూడేళ్ల నుంచి అంటున్నావంట. అమ్మావా ఏందిరా?"

"లేదు మావయ్యా. తాళం కనపడట్లా." తాళం చొక్కా జేబులో గుచ్చుకుంటోంది.

మావయ్య హ్యాండిల్‌ని మళ్లీ పంచెలో చుట్టి, మంచం కిందికి నెట్టారు.

"యాడో ఉంటదిలే. తొందరేముంది" అన్నారు.