దొంకబాట పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: రఘునాథపల్లి నుంచి సర్వాయి పాపన్న కోట ఉన్న ఖిలాషాపురానికి, డాంబర్ రోడ్డు కాదని చెలకల నడుమ దొంకన పడి మౌంటెన్ బైక్ మీద పోజూస్తున్న పట్నం పిలగాడితో పంక్చర్ల దుకాణం పెద్దాయన అన్నట్టుగా, ఈ టీకాకారుడే అల్లిన ఆటవెలది:

వాన వెలసె ననుచు వడి సైకిలెక్కకు
నల్లరేగడంటి నడుమ నాపు
ఎర్రచెలక యారు నెండకు వేగమె
చింతనీడ కింద చిత్తడుండు

ప్రతిపదార్థం: వాన వెలసెన్ + అనుచు = చినుకు ఆగిందన్న ఒక్క ధైర్యంతో; వడిన్ = తొందరపడి; సైకిలు + ఎక్కకు = ఎక్కవద్దు (ఇది ఆజ్ఞ, సలహా కాదు); నల్లరేగడి + అంటి = టైరుకు, బ్రేకుకు, ఆపైన చెప్పులకు పట్టుకొని; నడుమన్ + ఆపు = కోటకూ ఊరికీ కాని చోట నిలబెట్టును. తక్కినది సులభం.

తాత్పర్యం: మబ్బు విడిచినంత మాత్రాన బాట ఆరదు.

విశేషాలు: రేగడిలోని మాంట్‌మోరిల్లనైట్ అనే బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బుతుంది. చక్రానికీ ఫోర్కుకూ నడుమ ముద్దగా ఇరుక్కుంటుంది. అప్పుడు ఎక్కినవాడే వాహనమై సైకిలును భుజాన మోయును గనుక ఇక్కడ పరివృత్త్యలంకారం. చెలక అట్లా కాదు. గ్రానైటు చివికి ఏర్పడ్డది, ఇసుకపాలు ఎక్కువ, నీళ్లు కిందికి దిగిపోతాయి. సన్నజల్లు పడి ఆరిన చెలక మీద టైరుకు దొరికే పట్టు మరెక్కడా దొరకదు.

"అట్లయితే ఎండ ముదిరినకొద్దీ మేలే కదా?" అని పూర్వపక్షం. కాదు. రోహిణి కార్తెలో పైమన్ను దుబ్బయిపోయి మలుపులో ముందుచక్రం జారుతుంది. అప్పుడు కాస్త తడిని దాచి ఆదుకునేది ఆ చింతనీడే. కవి చెప్పింది వానాకాలం మాట గనుక దోషం లేదు.

నీడన ఎండా గాలీ సరిగా తగలవు, తడి ఆవిరి కాదు. పైగా వాన వెలిసినా కొమ్మలు కురుస్తూనే ఉంటాయి. కొందరు 'వేపనీడ' అని చదువుతారు. యతి చెడుతుంది, నీడా అంత చిక్కగా ఉండదు. త్యాజ్యం.

పాపన్న దండు వరంగల్ మీద పడింది 1708 మార్చి ఆఖరున. మొహర్రం రోజులని, కోట కాపలా సడలిందని చరిత్రకారులంటారు. దొంకలు ఆరి ఉన్నాయని సైకిలెక్కే వ్యాఖ్యాత అంటాడు.

పచ్చిబాటలో టైరు దిగి గాడి పడితే మరుసటి వాన దాని వెంటే పారి బాటను కోస్తుంది. ఆ కోత తప్పించుకోబోయి వెనక వచ్చేవాడు రైతు గట్టు తొక్కుతాడు. కనుక చదువరీ, వెనక్కి తిరిగి చూడు. నీ టైరు గాడి చేస్తోందా? దిగి మళ్లిపో. ఖిలాషాపురానికి డాంబర్ రోడ్డు ఉంది.