సున్నం డబ్బా

రిటైరయ్యాక వచ్చిన డబ్బులో నాకోసం కొనుక్కున్నది ఒక్కటే, గేర్ల సైకిలు. "మోకాళ్ల నొప్పులకి మందు తెచ్చుకోండి అంటే, నొప్పులే కొనుక్కొచ్చారు" అంది మా ఆవిడ. ఆ పిచ్చి నాది కాదు, మా నాన్నది. ఆయన నాకిచ్చిన ఆస్తి రెండే రెండు: ఎడమచేతి వాటం, మాచ్‌ఖండ్ లోయ మీద మోజు.

1950కి అటూ ఇటూ, ఇంకా పెళ్లి కాకముందు, నాన్న సర్వే పని మీద ఆ లోయలో నాలుగేళ్లు తిరిగాడు. జోలాపుట్టు ఆనకట్ట పనులు నడుస్తున్న రోజులవి. ర్యాలీ సైకిలు, క్యారియర్ మీద పరుపుచుట్ట, హ్యాండిల్‌కి సున్నం డబ్బా. తొక్కగలిగినచోట తొక్కడం, తొక్కలేనిచోట సైకిల్ని భుజాన వేసుకోవడం. విశాఖలో కరెంటు పోయిన ప్రతి రాత్రీ మా డాబా మీద అవే కథలు.

"నా సైకిలు గంట వినిపిస్తే చాలు, పిల్లలంతా పరుగెత్తుకొచ్చేవాళ్లురా. సున్నం డబ్బా నేను మోస్తానంటే నేను మోస్తానని కొట్టుకునేవాళ్లు. తలా ఒక పిప్పరమెంటు ఇచ్చేవాణ్ణి. వాళ్లమ్మలు చోడి అంబలి పోసేవాళ్లు, పనస తొనలు పెట్టేవాళ్లు. రాత్రికి అరుగు మీద పక్క వేసేవాళ్లు. అంత మంచి మనుషుల్ని మళ్లీ చూళ్లేదు."

కరెంటు రాగానే బల్బు వైపు చెయ్యి చూపించి, "ఈ వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావ్? మా కొండల్లోంచే!" అని మురిసిపోయేవాడు.

నాన్న పోయి పాతికేళ్లయింది. ఆ లోయని ఒక్కసారైనా ఆయన చూసినట్టే, సైకిలు మీద చూడాలని నా కోరిక. నవంబరులో బయల్దేరాను.

పొద్దున్నే విశాఖ వదిలితే శృంగవరపుకోట దాకా దారి సాఫీగానే సాగింది. ఆ తర్వాత ఘాట్ రోడ్డు మొదలైంది. పక్కనే బస్సులు రొప్పుకుంటూ ఎక్కుతుంటే వాటికన్నా ఎక్కువగా నేను రొప్పుతూ, అనంతగిరి కాఫీ తోటల నీడ దొరికినచోటల్లా ఆగుతూ, చీకటి పడేసరికి అరకు చేరాను. మర్నాడు డుంబ్రిగూడ మీదుగా ముంచింగిపుట్టు వైపు. కొండ వాలుల మీద వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. సంతకి పోతున్న ఆడవాళ్లు నెత్తిన గంపలతో నన్ను దాటిపోతూ నవ్వుకున్నారు. ఎత్తులో నా ఇరవై ఒక్క గేర్లకన్నా వాళ్ల కాళ్లే నయం.

దారిలో ఒక టీకొట్టు దగ్గర ఆగాను. కొట్టతను నా హెల్మెట్టునీ, హ్యాండిల్‌కి బిగించిన మీటరునీ కాసేపు చూశాడు.

"ఎందాకా సార్?"

"జోలాపుట్టు దాకా."

"సర్వేకా?"

"కాదయ్యా, ఊరికే."

అతను నమ్మినట్టు లేదు. ఇంకేమీ మాట్లాడకుండా చిల్లర ఇచ్చేశాడు.

మాచ్‌ఖండ్ మాడుగుల కొండల్లో పుట్టి, ఉత్తరానికి పారుతూ ఆంధ్రకీ ఒడిశాకీ తనే సరిహద్దు గీసుకుంటూ పోతుంది. డుడుమ దగ్గర లోయలోకి దూకుతుంది. ఇంకా దిగువన సీలేరని పేరు మార్చుకుని, శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. జోలాపుట్టులో నిలిపిన నీళ్లతోనే 1955 నుంచి మాచ్‌ఖండ్‌లో కరెంటు తీస్తున్నారు, మొత్తం 120 మెగావాట్లు. ఇదంతా బయల్దేరేముందు చదువుకున్నదే. ఆ ప్రాజెక్టు కింద సుమారు 3 వేల కుటుంబాలు, 16 వేల మంది ఊళ్లు వదిలారనీ, వాళ్లలో సగం మంది ఆదివాసులేననీ అక్కడే ఉంది. నాన్న కథల్లో ఆ లెక్క ఎప్పుడూ రాలేదు. నేనూ ఆ పేజీ తిప్పేసి దారి మ్యాపు వెతుక్కున్నాను.

ముంచింగిపుట్టు దాటాక పల్లెలన్నీ నాలుగిళ్లవీ పదిళ్లవీ. చాలావాటి పేర్ల చివర 'పుట్టు' ఉంది. ప్రతి పల్లెలోనూ దిగడం, పేరు అడగడం, మీటరులో ఎత్తు ఎంతో చూడడం, రెండూ నోటుపుస్తకంలో రాసుకోవడం నాకు సరదా అయింది. ఇంటికెళ్లాక మనవడికి మ్యాపు గీసి చూపించాలి కదా. నాన్న గుర్తుగా సంచిలో అరకిలో పిప్పరమెంట్లు వేసుకొచ్చాను. సైకిలు గంట కొడితే పిల్లలు నిజంగానే పరుగెత్తుకొచ్చారు. నాన్న ఒక్క మాట కూడా పెంచి చెప్పలేదనుకున్నాను.

మూడు గంటలకి మలుపు తిరిగేసరికి జలాశయం కనిపించింది. కొండల సందుల్లోకి వేళ్లు చాపినట్టు నీళ్లు. మధ్యలో పచ్చగా చిన్నచిన్న దిబ్బలు. దీవులనుకున్నాను. దగ్గరికి వచ్చాక తెలిసింది, అవి మునిగిన కొండల తలలు.

ఒడ్డుకి ఎగువన ఏడెనిమిది ఇళ్ల పల్లె. మంచినీళ్లడిగితే ఒక కుర్రాడు చెంబుతో తెచ్చాడు. అరకులో డిగ్రీ చదువుతున్నాడట. అరుగు మీద వాళ్ల తాత వెదురు చీలుస్తూ కూర్చున్నాడు. ఎనభై దాటి ఉంటాయి. ఆయన ఒళ్లో ఒక చంటిది. దాని చేతిలో పిప్పరమెంటు పెట్టాను. మీటరు చూసి ఎత్తు ఎంతో కుర్రాడికి చెప్పాను. నోటుపుస్తకం తీసి పల్లె పేరు రాయబోతుంటే తాత చేతిలోని కత్తి ఆగింది. నా చేతివైపే చూస్తున్నాడు.

తమ భాషలో ఏదో అన్నాడు. మనవడు నవ్వాడు.

"తాతకి తెలుగు సరిగ్గా రాదు సార్. మీరు ఎడంచేత్తో రాస్తుంటే ఎవరో గుర్తొచ్చారంట. తాత చిన్నప్పుడు ఒక బాబు ఇలాగే సైకిలు మీద వచ్చేవాడంట. తాత చూసిన మొదటి సైకిలు అదేనంట."

నా గుండె ఝల్లుమంది. సైకిలు స్టాండు వేసి అరుగు అంచున కూర్చున్నాను.

"ఇంకా?"

"పిప్పరమెంట్లు పెట్టేవాడంట. డబ్బా మోసినవాళ్లకి రెండంట. రోజూ తాతే మోసేవాడంట."

ఆయన మా నాన్నే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈ తాతని పక్కన కూర్చోబెట్టుకుని ఫొటో దిగాలి. ఇంట్లో నాన్న ఫొటో పక్కన దాన్ని తగిలించాలి. ఈలోగా తాత చీల్చిన వెదురు పక్కన పెట్టి, గాలిలో ఎడంచేత్తో ఒక గీత గీసి చూపించాడు.

"ఆ బాబు రాళ్ల మీదా చెట్ల మీదా సున్నంతో గీతలు గీసేవాడంట సార్. మా పెరట్లో పనసచెట్టుకి తాత తలకన్నా మూడు బెత్తెలు పైన గీశాడంట. అదేదో ఆటనుకుని, 'ఇంకా పైకి గియ్యి, ఇంకా పైకి' అని తాతే గెంతాడంట."

"ఆ చెట్టు ఉందా?"

కుర్రాడు పెరటి వైపు చూడలేదు. నీళ్లవైపు చెయ్యి చాపాడు. ఒడ్డుకి చాలా దూరంలో ఒక కొంగ వాలి ఉంది.

"అక్కడ సార్. అప్పటి ఊరు అక్కడే. నీళ్లొచ్చి సరిగ్గా ఆ గీత దగ్గర ఆగాయంట. డబ్బా మోశాడని వాళ్ల నాన్న తాతతో చాన్నాళ్లు మాట్లాడలేదంట."

"మరి కరెంటు..." అన్నాను, ఏమనాలో తోచక.

"నేను పుట్టాక వచ్చింది సార్."

నాలుక చివరి మాట గొంతులోకి దిగిపోయింది. నోటుపుస్తకం మూశాను. తాత నన్నే చూస్తున్నాడు. ఆ కళ్లలో కోపం లేదు. ఉంటే బాగుండేది. చంటిదాని గుప్పిట మెల్లగా విప్పి, తడిసిన పిప్పరమెంటు తీసి నా మోకాలి మీద పెట్టాడు. తర్వాత మనవడితో నెమ్మదిగా ఏదో అన్నాడు. మనవడు నేల చూపులు చూశాడు. తాత మళ్లీ అన్నాడు.

"ఏమంటున్నాడు?"

"అదీ... ఈసారి గీత ఎంత ఎత్తున గీస్తారని అడుగుతున్నాడు సార్."

"అయ్యో, లేదు! నేను అందుకు రాలేదు. ఊరికే చూసిపోదామని వచ్చానని చెప్పు."

మనవడు చెప్పాడు. తాత బోసినోటితో నవ్వి, కత్తి అందుకుని మళ్లీ వెదురు చీల్చడం మొదలెట్టాడు. తల ఎత్తకుండానే ఏదో అన్నాడు.

"ఆ బాబు కూడా అదే చెప్పాడంట సార్."