రైతుబంధు బ్రహ్మాండమని తేల్చేదెలా?

(రైతులకు ఎకరాల లెక్కన డబ్బిచ్చిన ఈ తెలంగాణ పథకం ఫలితాలపై రిపోర్టు రాయబోయే కొత్త అధికారికి కొన్ని చిట్కాలు)

సర్వేకు హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్ గానీ, శామీర్‌పేట గానీ ఎంచుకోండి. 2018 మేలో ఎకరాకు 4,000 రూపాయల చెక్కు అందుకున్న ఇంటికెళ్లి, అప్పటికీ ఇప్పటికీ ఏమేం పెరిగాయో రాసుకోండి: కారు, డాబా, పిల్లాడి ఇంజనీరింగ్ ఫీజు. మొత్తం పథకం ఖాతాలో వేసేయండి. ఔటర్ రింగ్ రోడ్డు, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ, గజం రేటు అనే మాటలు రిపోర్టులో కనబడకూడదు. "చెక్కు రాకపోయినా ఇవన్నీ వచ్చేవేమో" అని ఎవరైనా నసిగితే టీ తెప్పించండి. పోల్చి చూద్దామంటే పథకం అందని ఊరు దొరకదు. రాష్ట్రమంతా ఒక్కసారే ఇచ్చారు. ఆ ఇబ్బందే మీ పాలిట వరం.

పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవాళ్లనే అడగండి, అదీ రైతు వేదికలో, వ్యవసాయ విస్తరణాధికారిని (ఏఈఓను) పక్కన నిలబెట్టుకుని. "మంచిగనే ఉంది సార్" అంటారు. నూటికి నూరు శాతం సంతృప్తి అని రాసుకోండి. గట్టు మీద కౌలు రైతు ఎదురుపడి "ఇత్తనాలు నేను గొన్న, పైసలు పట్టాదారుకొచ్చినయ్" అంటే చేతికి గడియారం ఉందిగా, చూసుకోండి. పథకమే ఆయన్ని లెక్కలోకి తీసుకోలేదు, మధ్యలో మీకెందుకు? ప్లాట్ల హద్దు రాళ్లు పాతిన చేనుకూ డబ్బు వెళ్లిందా అని తవ్వకండి. 2025లో పేరు రైతు భరోసా అయింది, ఎకరాకు ఏడాదికి 12,000 అయింది, సాగుకు పనికిరాని భూములను తీసేశారు. పాత లెక్క అడిగినవాడికి "అది వేరే పథకం" అనేస్తే సరి.

ఒక్కదానికి మాత్రం జాగ్రత్త. 2018 నాటి ఆ మొదటి విడత చెక్కుల పంపిణీలోనే కార్తీక్ మురళీధరన్, మరికొందరు ఆర్థికవేత్తలు కలిసి లాటరీ పద్ధతిలో కొన్ని మండలాలను ఎంచుకున్నారు. "చెక్కు అందిందా లేదా అని మీ రైతులకు ఫోన్ చేసి కనుక్కుంటాం" అని అక్కడి వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు. ఇంకేం, మిగతా మండలాలతో పోలిస్తే చెక్కు అందనివాళ్లు 7.8 శాతం తగ్గారు. అదనంగా రైతుకు చేరిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు 3.6 పైసలు. వాళ్లు కొలిచింది డబ్బు చేరడమే, బతుకు మారడం కాదు. అయినా అంత చిన్న ప్రశ్నకే అధికారులు అంత కదిలారు చూడండి. ఇలాంటి అలవాటు శాఖకు అంటితే మన రిపోర్టులు ఎవడిక్కావాలి? కాబట్టి రైతుల ఫోన్ నంబర్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.